కర్చీఫుకి దొరికిన సీటు

భూలక్ష్మి కిటికీలోంచి వేసిన కర్చీఫుకి సీటు దొరికింది. భూలక్ష్మికి దొరకలేదు.

నగరం నడిబొడ్డున రైళ్ళూ బస్సులూ కలిసే పెద్ద స్టేషన్ అది. రైలు దిగి, పరుగున వచ్చి, తణుకు బస్సు మూడో కిటికీలోంచి పచ్చదారం అంచు కుట్టిన కర్చీఫు వేసి, జనాన్ని తోసుకుంటూ ఎక్కి చూస్తే అది దర్జాగా వెనక్కి వాలి కూర్చుని ఉంది. ఒడిలో టికెట్ కూడా ఉంది.

"అది నాది," అంటుంది భూలక్ష్మి.

"కర్చీఫు వేసినవాళ్ళదే సీటమ్మా, కాదన్ను," అంటాడు కండక్టర్. "ఎవరేశారని దాన్నే అడిగాను. తెలీదంది. దిగండి."

ఈ చోద్యం ఎక్కడైనా ఉందా! పదకొండేళ్ళ క్రితం ఇక్కడే బస్సు తప్పిపోయి ఆవిడ బావగారి ఆఖరిచూపుకి అందలేదు. అక్క కనకరత్నం ఆనాటి నుంచీ మాట మానేసింది. నిన్న తనే ఫోన్ చేసింది. "రేపు మధ్యాహ్నంలోపు వస్తే వచ్చినట్టు. లేదా నాకు చెల్లెలు లేనట్టు."

బస్సు వెళ్ళిపోతుంది. కర్చీఫు వెనక్కి తిరిగి చూడనైనా చూడదు.

విచారణ గదిలో ఆవిడ ఒక అడుగు వేస్తే గది రెండడుగులు సాగుతుంది. ఒళ్ళు మండి వెనక్కి నడుస్తుంది. అప్పుడు కౌంటరే ఆవిడ వెంటబడి వస్తుంది.

"తణుకుకి ఇంకో బస్సు ఎప్పుడండీ?"

"మీరు వెళ్ళిపోయారు కదమ్మా," అంటాడు గుమస్తా. "ఒక మనిషికి రెండు బస్సులివ్వం."

"ఇదిగో, ఇక్కడే చచ్చాను కదయ్యా! నీకు చెప్పడం, గోడకి చెప్పడం ఒకటే."

"గోడ రైల్వే వాళ్ళదమ్మా. దాని సంగతి అటుపక్క అడగండి."

పన్నెండు కావస్తోంది. భూలక్ష్మి అక్కకి ఫోన్ చేస్తుంది.

"అక్కా, నేనే, భూలక్ష్మిని. బస్సు..."

"భూలక్ష్మి వచ్చేసిందిగా," అంటుంది కనకరత్నం. గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. "వచ్చీరాగానే నా మొహం తుడిచింది. పదకొండేళ్ళ ఏడుపంతా, ఒక్క ముక్క ఎదురుచెప్పకుండా పీల్చుకుంది. ఇంతకీ నువ్వెవరమ్మా?"

ఆవిడకి కోపమూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. తుడుచుకోవడానికి కర్చీఫు లేదు. బెంచీ మీద కూలబడుతుంది.

ఇంతలో ఒక లావుపాటాయన రొప్పుకుంటూ వచ్చి, ఆవిడని నాలుగు మడతలు పెట్టి, కదలబోతున్న బస్సు కిటికీలోంచి లోపలికి వేస్తాడు. ఆవిడ మూడో సీటులో పడుతుంది. ఆవిడ అంచుల వెంట పచ్చదారం దానంతటదే కుట్టుకుంటూ పోతోంది. "తణుకు, తణుకు!" అని కండక్టర్ అరుస్తున్నాడు.

బయట ఆయన ఇంకా ఫుట్‌బోర్డు దగ్గరే జనంతో తన్నుకులాడుతున్నాడు. "ఆ సీటు నాదండీ, నేనే వేశాను!"

కండక్టర్ ఆవిడ మీదికి వంగుతాడు. "ఎవరమ్మా నిన్ను వేసింది?"

భూలక్ష్మి తన నాలుగు కొసలూ సర్దుకుంటుంది.

"తెలీదు," అంటుంది. "తణుకు ఒకటివ్వండి."