జానెడు తక్కువ కర్టెన్లు

“ఆదివారం మా అక్క వచ్చి అడిగితే కొలతలు నువ్వే తీశావని చెప్పు. నీకేం పోతుంది?” అన్నాడు మా ఆయన, టీ కప్పు తెచ్చి నా కాగితాల మీద పెడుతూ.

పాలు పొంగకుండా చూడమని చెప్పినంత మామూలుగా అడిగాడు. నేను తలెత్తి హాల్లోకి చూశాను. కొత్త కర్టెన్లు వేలాడుతున్నాయి. వేలాడుతున్నాయనడం కూడా మర్యాదకే. కిటికీ సగం పైచిలుకు కప్పి, కింద జానెడు మేర అద్దం వదిలేసి, పొట్టి లాగు తొడుక్కున్న పెద్దమనిషిలా నిలబడ్డాయి. హాలు, పడగ్గది, అత్తయ్య గది, ఆయన ఆఫీసు గది, అన్నిటిదీ అదే అందం.

షాపువాళ్ళు మనిషిని పంపి కొలతలు తీయిస్తామనే అన్నారు. “ఇంజినీర్ని ఇంట్లో పెట్టుకుని టేపు పట్టడానికి ఇంకొకడెందుకండీ?” అని మా ఆయన ఫోన్లోనే పగలబడి నవ్వాడు. తర్వాత స్టూలెక్కాడు. ఆ స్టూలు కదలకుండా పట్టుకుంది నేను. టేపు కింది కొస పట్టుకుంది నేను. ఆయన పైనుంచి ఒక్కో అంకె చెబుతుంటే కాగితం మీద రాసిందీ నేనే. అద్దం పై అంచు నుంచి కింది అంచు దాకా కొలుస్తున్నాడు. “కర్టెన్ వేలాడేది కడ్డీకి కదండీ, కడ్డీ జానెడు పైన ఉంది, అక్కణ్ణుంచి కొలవాలేమో” అన్నాను. “నువ్వు రాయి చాలు” అన్నాడు. రాశాను. ఇప్పుడా కాగితమే నా మీద సాక్ష్యమట. “చేతిరాత నీదేగా, పూర్తిగా అబద్ధం కూడా కాదు” అంటున్నాడు. ఇంత న్యాయబుద్ధి ఉన్న మనిషితో పదహారేళ్ళుగా కాపురం చేస్తున్నాను.

రంగు మాత్రం నా ఇష్టమన్నారు. లేతాకుపచ్చ చూపించాను. “ఆసుపత్రిలా ఉంటుంది” అన్నాడు. లేత పసుపు చూపించాను. “మాసిపోతుందమ్మా, ఎవరు ఉతుకుతారు?” అంది అత్తయ్య, ఎవరు ఉతుకుతారో తెలియనట్టు. నీలం చూపిస్తే ఇద్దరూ పక్క బట్టలు తిరగేశారు. చివరికి మట్టిరంగు మీద ఆయనే వేలు పెట్టి, “ఇది బావుంది కదూ?” అన్నాడు. నేను ఊ అన్నాను. ఇంటికొచ్చాక ఫోన్లో అక్కతో, “అన్నీ తను చెప్పినట్టే తీసుకున్నాం, లేకపోతే ఊరుకుంటుందా?” అని చెప్పుకున్నాడు.

వంటింటి కిటికీ ఆ జాబితాలోనే లేదు. “వంటింటికి కర్టెనెందుకు, అక్కడెవరు కూర్చుంటారు?” అన్నాడు. అక్కడ కూర్చునేది నేను. రోజూ రెండింటి నుంచి ఆరింటి దాకా, పడమటి ఎండ మొహాన కొడుతుంటే, వంటింటి బల్ల మీద పిల్లల పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. ఎండతో పాటు కుర్చీ జరుపుకుంటూ పోతే నాలుగయ్యేసరికి ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య ఇరుక్కుని, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని చదవాలి. ఆఫీసు గదిలో మంచి బల్ల ఉంది, రెండు కిటికీలున్నాయి, తలుపుంది. ఆయన శని, ఆదివారాలు అక్కడ నిద్రపోతాడు. మిగతా రోజుల్లో నేను వెళ్తే, “నా కాగితాలు కదపకు” అంటాడు.

నాకేం పోతుందట! నిరుడు లెక్కల పుస్తకంలో తప్పు పట్టుకుని ఎర్రగా గీత గీసి పంపాను. మా ప్రచురణ సంస్థ పెద్దాఫీసరు అది చూడకుండానే అచ్చుకి పంపేశాడు. తర్వాత గొడవైతే ఫోన్ చేసి, “ఆ తప్పు మీరే చూడలేదని రాసేస్తానండీ. ఇంట్లోంచి చేసుకునేవాళ్ళు, మిమ్మల్నెవరు ఏమంటారు?” అన్నాడు. సరేనన్నాను. తర్వాతి ముద్రణలో పుస్తకం వెనకపేజీలో నా పేరు లేదు. తప్పులు పట్టడం తప్ప నాకు వేరే విద్య లేదు. అందులోనే నేను పనికిరానని అచ్చువేశారు. ఎవరో అడిగితే సరే అనడం వల్ల నాకేం పోతుందో అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఇంట్లో ఈయన కూడా అదే అడుగుతున్నాడు.

“నీకు మిషన్ వచ్చుగా, అన్నిటికీ కింద ఒక పట్టీ వేసెయ్. పదకొండేగా ఉన్నాయి” అంది అత్తయ్య. పదకొండేనట!

ఆదివారం మధ్యాహ్నం తల్లీకొడుకులు అక్కగారిని తీసుకురావడానికి స్టేషన్‌కి వెళ్ళారు. నేను కుట్టు మిషన్ దుమ్ము దులిపాను. ఆఫీసు గదిలోంచి రెండు కర్టెన్లు తీశాను. ఒకదాన్ని అడ్డంగా కత్తిరించి రెండోదాని కింద అతికాను. కడ్డీ నుంచి కొలిచాను. వంటింటి కిటికీకి వేస్తే సరిగ్గా గట్టు దాకా వచ్చి ఆగింది. అప్పుడు గానీ తెలియలేదు, ఆ మట్టిరంగు అంత బాగుంటుందని.

వదిన చెప్పులు విప్పుతూనే హాలు చూసింది. “ఇదేంట్రా, షాపువాడి దగ్గర గుడ్డ అయిపోయిందా? కొలతలెవరు తీశారు?”

మా ఆయన నావైపు చూశాడు. అత్తయ్య నావైపు చూసింది. ఇద్దరి మొహాల్లోనూ ఎంత నమ్మకమో!

“మీ తమ్ముడే వదినా. కడ్డీ వదిలేసి అద్దం కొలిచారు. కాదండీ అంటే, నువ్వు రాయి చాలన్నారు. నేను స్టూలు పట్టుకున్నాను.”

వదిన కూర్చుని మరీ నవ్వింది. “చిన్నప్పుడూ అంతేగా వీడు, పడగొట్టేది వీడు, దెబ్బలు నాకు” అంది. తర్వాత నవ్వడం మానేసి తమ్ముడి వంక చూసింది.

ఆయన మొహం దాచుకోవడానికి ఆఫీసు గదిలోకి పోయాడు. మరుక్షణం వంటింటి గుమ్మంలో ఉన్నాడు. “నా గది కిటికీలు బోసిగా ఉన్నాయేంటి? ఎండంతా లోపలికొస్తోంది!”

నేను వంటింటి కొత్త కర్టెన్ నీడలో కూర్చుని ప్రూఫుల కట్ట విప్పాను.

“టేపు స్టూలు మీద పెట్టాను. కొలుచుకోండి. అంకెలు మాత్రం ఈసారి మీ చేత్తోనే రాసుకోండి.”