ఆరున్నొకటి

హలో, వినబడుతోందా అండీ? భోజనం చేస్తూ ఉంటే లేవకండి, తింటూనే వినండి. నా కథ కూడా బియ్యం సంగతే.

నేను ఒక సోలని. బియ్యం కొలిచే రేకు సోలని. గజపతినగరం సంతలో ఒకాయన నూనె డబ్బా కోసి, గుండ్రంగా వంచి, అతుకు పెట్టి నన్ను చేశాడు. మొదట ఒక మరమరాల వ్యాపారి కొన్నాడు. ఆయన ఎప్పుడు కొలిచినా బొటనవేలు నా లోపలే ఉండేది. ఎంతమందికి మరమరాలకు బదులు ఆ వేలు కొలిచానో నాకే తెలియదు.

తరవాత అంగన్‌వాడీ ఆయా అప్పలనర్సమ్మ చేతికి వచ్చాను. ఆమె వేలు ఎప్పుడూ బయటే. అంచు దాటి పోగు పెట్టి మరీ పోసేది. మధ్యాహ్నం వంటకి బియ్యం కొలుస్తుంటే పిల్లలంతా చుట్టూ గొంతుక్కూర్చునేవారు. నేను ఒకసారి వంగితే ఒక అంకె.

"లాభం... రెండు... మూడు..."

కొలిచేవాళ్ళు మొదటిదాన్ని ఒకటి అనరు కదండీ, లాభం అంటారు. అలాగే ఆమె ఆరు తరవాత ఏడు అనేది కాదు, ఆరున్నొకటి అనేది. "తిండి కొలిసే కాడ ఏడుపు మాటేటి" అనేది. టీచరమ్మ నవ్వి ఊరుకునేది. గోడమీద రాసిన అంకెలు ఏడాదైనా ఎక్కని పిల్లలకి, నాలోంచి బియ్యం జారే చప్పుడుతో నెలలో ఎక్కేశాయి.

వాళ్ళలో ఝాన్సీ ఒకతె. ఐదేళ్ళది. తల్లి పోయిన దగ్గర్నుంచి మాట లేదు. శవం దగ్గర చుట్టాలు "ఏడవే గుంటా, ఏడు" అని ఎంత కుదిపినా ఏడవలేదట. ఆ తరవాత ఇక నోరే విప్పలేదు.

ఒకరోజు అప్పలనర్సమ్మ "లాభం" అని పోసి, దగ్గు తెర వచ్చి ఆగిపోయింది. నేను గాల్లోనే ఉన్నాను. కిందనుంచి సన్నగా వినబడింది, "రెండు." ఝాన్సీ. నేను వంగాను. "మూడు" అంది. ఆరున్నొకటి దాటి పది దాకా వెళ్ళింది. అప్పలనర్సమ్మ ఆ రోజు బియ్యం ఎక్కువ పోసేసింది.

పిల్ల తండ్రి తవిటయ్య ఇటుకబట్టీకి వలస వెళ్ళే మనిషి. ఆయనకు ఈ మాట చెబితే నమ్మీ నమ్మనట్టు విన్నాడు.

"మేడమ్ గోరొచ్చి ఈ గుంటకి అంకెలొచ్చని రాస్తే, దీని మేనత్త, మా యప్ప కాడ ఉంచీసి బళ్ళో ఏయిస్తాను. నేదంటే నాతోటే బట్టీకి తీసుకుపోతాను. మాటే రాని గుంటని బడేటి సేసుకుంటాది?"

సూపర్‌వైజర్ మేడమ్ వచ్చింది. తవిటయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒకటి నుంచి చెప్పు పాపా."

ఝాన్సీ మూల ఉన్న నా వంక చూసింది. "లాభం" అంది.

"లాభమేంటమ్మా, ఇదేమైనా కొట్టా?"

"అదే ఒకటండి మేడమ్ గోరూ" అంది అప్పలనర్సమ్మ. "నానే అలా అలవాటు సేసీసినాను."

"మీరు చెప్పకండి, పాపని చెప్పనివ్వండి. సరే, ఆరు తరవాత ఎంత?"

"ఆరున్నొకటి."

"కాదు. ఏడు. ఏడు అను. ఏదీ, ఏడు."

ఝాన్సీ ఆవిడ మొహంలోకి చూసింది. ఆ మాట తల్లి శవం దగ్గర విన్నదే. అప్పుడు ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చింది. అప్పటినుంచి దాచుకున్నదంతా ఏడ్చింది.

మేడమ్ చెడ్డ మనిషి కాదు. తల నిమిరింది, బిస్కెట్ ఇచ్చింది. కాని ఇంకా నాలుగు కేంద్రాలు తిరగాలి. ఆవిడ ఫోన్లో రెండే గడులు, వచ్చు, రాదు. లాభానికి గడి లేదు.

వారం తరవాత బట్టీకి ప్రయాణం. తవిటయ్య ఆటో బయట పెట్టి పిల్లని లోపలికి పంపాడు. ఝాన్సీ ఆ వారమంతా మళ్ళీ మూగే. అప్పలనర్సమ్మ తన ఇంటి బియ్యం తెచ్చి, దారికని సంచిలోకి కొలిచింది. లాభం అనలేదు. "ఒకటి" అంది. ఆ మాట ఆమె నోట్లో కొత్తగా తిరిగింది. ఆరు దాకా వచ్చి ఆగింది. నన్ను మళ్ళీ బియ్యంలో ముంచి ఎత్తింది.

"ఏడు" అంది. పుట్టి బుద్ధెరిగాక బియ్యం ముందు మొదటిసారి ఆ మాట అని, నా అంచుకి నుదురు ఆనించి ఏడ్చింది.

ఝాన్సీ వచ్చి ఆమె గెడ్డం పట్టుకుంది.

"ఏడొద్దు ఆయా" అంది. "ఆరున్నొకటి."

అప్పలనర్సమ్మ సంచితో సహా బయటకు పరుగెత్తింది. "తవిటయ్యా, గుంట మాట్లాడినాది. లెక్క సెప్పినాది. ఒగ్గీసి ఎల్లు నాయనా, నా కాడ ఉంచుకుంటాను."

ఆటో అప్పటికే గుర్రుమంటోంది. "మేస్త్రీ సేత టికెట్లు తీయించీసినాను గదమ్మా" అన్నాడాయన పిల్లని ఎక్కిస్తూ. "వొచ్చే ఏడు సూద్దుంలే."

వచ్చే ఏడు రాలేదు వాళ్ళు. ఆ పై ఏడూ రాలేదు. కేంద్రానికి కరెంటు కాటా వచ్చింది, నేను పాత ఇనప సామాన్ల కొట్టుకి వచ్చాను. ఇప్పుడు నా నిండా తుప్పు మేకులు.

ఆ పిల్లకి లెక్క వచ్చని సాక్ష్యం చెప్పేది ఆయా, నేను. ఆయా ఇప్పుడు లేదు. నాకు మూతి వెడల్పే గాని నా మాట దూరం పోదు. అందుకే మిమ్మల్ని పిలిచాను. ఈ కథ ఇంకొకరికి చెప్పండి, వాళ్ళని మరొకరికి చెప్పమనండి. ఎక్కడో ఏ బట్టీలోనో ఒక పిల్ల ఇటుకలు పేరుస్తూ మొదటిదాన్ని లాభం అంటే, అక్కడున్న ఎవరో ఒకరు ఆగి, నీ లెక్క సరిగ్గానే ఉంది తల్లీ అని ఆ పిల్లతో అనేదాకా.