కడిగి తెచ్చిన క్యారేజీ

నేనొక స్టీలు క్యారేజీని. మూడు గిన్నెలు, ఒక పిడి, కాస్త వంకరపోయిన మూత. తుని బజారులో నన్ను కొన్నావిడ, మేనకోడలు నూకరత్నం పెళ్లికి చదివిస్తూ, మూత మీద పెళ్లికూతురి పేరు చిన్నగానూ తన పేరు పెద్దగానూ కొట్టించింది. ఇచ్చినవాళ్లను ఎవరూ మరిచిపోకూడదు కదా!

పదకొండేళ్లుగా నూకరత్నం భర్త సూరిబాబు బండికి వేలాడుతున్నాను. అతను కరెంటు లైన్‌మన్. కరెంటు ఉన్నంతసేపూ అతనొకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. పోయిందంటే ఊరంతటికీ అతని నంబరే. మధ్యాహ్నం సబ్‌స్టేషన్ వరండాలో తోటివాళ్లతో కూరలు పంచుకు తినేవాడు. సాయంత్రం నన్ను ఎంగిలి మెతుకులతోనే ఇంటికి తెచ్చేవాడు. ఒక్కనాడూ నీళ్లు పోసి తొలిచిన పాపాన పోలేదు.

తోటివాళ్లిద్దరు రిటైరయ్యారు. వాళ్ల చోటికి ఎవరూ రాలేదు. మూడు ఊళ్ల స్తంభాలూ, మూడు ఊళ్ల తిట్లూ సూరిబాబు నెత్తిన పడ్డాయి. ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాడు. నలుగురిలో కూర్చోవడం మానేశాడు. రోజూ నన్ను కాలవగట్టుకు తీసుకెళ్లి, అన్నం కాకులకు వేసి, శుభ్రంగా కడిగేవాడు. కడుగుతూ ఏడ్చేవాడు.

"ఇన్నాళ్లకి మా ఆయనకి బుద్ధొచ్చిందమ్మా! క్యారేజీ కడిగి మరీ తెత్తన్నారు" అని నూకరత్నం పక్కింటావిడతో మురిసిపోయింది. నోరుంటే అరిచి చెప్పేదాన్ని. మనుషులకు గిన్నె మెరిస్తే చాలు, ఇంకేం కనబడదు.

నెల తిరిగేసరికి అతని చొక్కాలు వదులయ్యాయి. ఒక సాయంత్రం ఆమె నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"బెండకాయ వేపుడు ఎలాగుందండీ?"

"బాగుంది."

ఆవేళ ఆమె పెట్టింది ఆనపకాయ పులుసు.

నూకరత్నం నన్ను పక్కన పెట్టి అతని ఎదురుగా కూర్చుంది. ఏమైందని అడిగింది. "నాకు చేతకావట్లేదే" అన్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే భయపడ్డాడు. "పిచ్చోళ్ల డాక్టరు దగ్గరికా? ఆఫీసులో తెలిత్తే నవ్విపోతారే."

"నవ్వనీండి. జొరమొత్తే ఎల్లట్లేదా? ఇదీ అంతే."

జిల్లా ఆసుపత్రిలో డాక్టరమ్మ తొందరపడకుండా అడిగింది. నిద్ర, తిండి, పని. తరువాత, "చచ్చిపోవాలని అనిపించిందా?" అంది.

"ఛ, మా ఆయన అలాంటోరు కాదండీ" అంది నూకరత్నం.

సూరిబాబు తల వంచుకున్నాడు. "స్తంభం ఎక్కినప్పుడల్లా అనిపిత్తందండీ."

నూకరత్నం వేళ్లు ఒళ్లో ఉన్న నా పిడి మీద బిగుసుకున్నాయి. రోజూ నన్ను చేతికిచ్చి జాగ్రత్తగా వెళ్లి రమ్మని పంపింది ఆ స్తంభాల మీదికే.

"చెప్పావు, మంచిపని చేశావు" అంది డాక్టరమ్మ. "ఇది జబ్బు, తగ్గుతుంది. తగ్గేదాకా స్తంభం ఎక్కొద్దు. సెలవు కాగితం నేను రాస్తాను. ఒంటరిగా ఉండొద్దు."

బయట బెంచీ మీద నూకరత్నం నన్ను విప్పి, పెరుగన్నం కలిపి నోటికందించింది. ఒక్క ముద్ద తిన్నాడు. రెండోదానికి తల అడ్డంగా ఊపాడు. ఆమె బతిమాలలేదు, నాకు మూతా పెట్టలేదు. ఆ ముద్ద చేతిలోనే పట్టుకుని, అతని పక్కన అలాగే కూర్చుంది.