హయోలిత్‌కు వేసిన రంగు

మ్యూజియం వెనకవైపు వర్క్‌షాపులో ఆమె బొమ్మలు చేసేది, భర్త వాటికి రంగులు వేసేవాడు. పెళ్లికి ముందు నుంచీ ఇద్దరిదీ ఒకే బల్ల. వానలు మొదలైన రోజుల్లో అతను సాయంత్రం బస్సు దిగుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రికి చేర్చేసరికే అంతా అయిపోయింది.

చుట్టాలంతా వెళ్లిపోయాక ఆమె పనికి వచ్చింది. బల్ల మీద హయోలిత్ బొమ్మ సగంలో ఆగి ఉంది. ఎప్పుడో అంతరించిపోయిన సముద్రజీవి అది. పొడుగాటి గరాటులాంటి గుల్ల, దానికో మూత, మూత పక్కల నుంచి బయటికి వచ్చిన రెండు సన్నటి వంకర చేతులు. నత్తలకు చుట్టమని కొన్నాళ్లు, కాదని కొన్నాళ్లు శాస్త్రవేత్తలు మాట మారుస్తూనే ఉన్నారు. రాళ్లలో దొరికేది వేలెడంత. గ్యాలరీకి మూరెడు కావాలి.

ఆమె గుల్ల మీద గీతలు చెక్కింది. చేతులు అతికించింది. గరుకు కాగితంతో రుద్దింది. ఏడుపు రాలేదు. ఆకలి లేకపోయినా మధ్యాహ్నం కాగానే డబ్బా తెరిచి తినేసేది.

"వదినా, ఇంకొన్నాళ్లు ఇంట్లో ఉండకపోయారా?" అన్నాడు పక్క బల్ల దగ్గరి వడ్రంగి.

"ఇంట్లో మాత్రం ఏం చేస్తాను?"

పని రంగు దగ్గర ఆగింది. రాయిగా మారిన గుల్లకు రంగు మిగలదు. ఇలాంటివాటికి ఎప్పుడూ భర్తే తోచింది వేసి, "చూసినవాడెవడైనా ఉంటే వచ్చి కాదనమను" అని నవ్వేవాడు. ఇప్పుడు అతని చోట ఇంకొకతన్ని పెట్టారు.

"మేడమ్, దీనికేం వేయమంటారు?"

"మీ ఇష్టం."

అతను నారింజరంగు చారలు వేశాడు. ఆమె చూసి బాగుందని చెప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

ఆ రోజు అన్నాల దగ్గర చారల సంగతి విని అత్తగారు అడిగింది. "వాడైతే ఏ రంగు వేసేవాడే?"

ఆమె ముద్ద కలుపుతూ ఆలోచించింది. "తెలీదత్తయ్యా."

"అడగలేదా?"

"అడిగాను. ముందు నీ మూత సంగతి చూడు, రంగు సంగతి నాకొదిలెయ్ అన్నారు."

మర్నాడు అత్తగారు తనూ వర్క్‌షాపుకు వస్తానంది. కొడుకు ఉన్నన్నాళ్లూ ఆవిడ ఆ గుమ్మం తొక్కలేదు. బల్ల దగ్గర నిలబడి హయోలిత్‌ను ఎగాదిగా చూసింది.

"ఇంత సింగారించుకుని తిరిగితే ఏ చేపో మింగెయ్యదూ?"

"అప్పటికింకా చేపలు సరిగ్గా పుట్టలేదత్తయ్యా."

"అయితే తిరగనీలే" అంది ఆవిడ. వడ్రంగి ఫక్కున నవ్వి, వెంటనే నాలిక్కరుచుకున్నాడు.

తలుపు వెనక మేకుకు భర్త పనిలో తొడుక్కునే పాత చొక్కా వేలాడుతోంది. రోజూ ఆ తలుపులోంచే వస్తూపోతున్నా ఆమె దాన్ని చూడలేదు. అత్తగారు చూసింది.

"తీసుకుపోదామే."

"ఎంత ఉతికినా ఆ మరకలు పోవు."

"పోకపోతే పోనీ."

ఇంటికి వెళ్లే బస్సులో అత్తగారు చొక్కాను ఒళ్లో పెట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చింది. జనం తలలు తిప్పి చూశారు. ఆమె అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది. తనకూ ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. అతను కూలబడిన స్టాపు వచ్చింది. అత్తగారి రెక్క పట్టుకుని జాగ్రత్తగా దించింది. ఇంటికి వెళ్లి పొయ్యి మీద ఎసరు పెట్టింది.

గ్యాలరీ తెరిచారు. పిల్లలు హయోలిత్‌ను ఐస్‌క్రీమ్ కోన్ అంటున్నారని కాపలాదారు వచ్చి చెప్పాడు. ఆమె తలాడించింది.

తర్వాతి బొమ్మ ఏదో ముళ్లపురుగుది. అది ఆరగానే కొత్త పెయింటరు కుంచెలు తెచ్చుకున్నాడు.

"మేడమ్, నా ఇష్టమేనా?"

ఆమె అవునని చెప్పబోయి ఆగింది. "చారలు మాత్రం వద్దు."

"మరేం వేద్దాం?"

"ఏమో, నాకూ తెలీదు" అంటూ పక్కనున్న స్టూలు అతని వైపు జరిపింది. "కూర్చోండి. ఆలోచిద్దాం."