తొలి విత్తు పడని చెలక

మా ఊళ్ళో విత్తనాల పండుగ కాకుండా ఎవరూ గింజ వేయరు. పండుగనాడు తొలి విత్తు పూజారి చెలకలో పడాలి, తరువాతే ఊరివాళ్ళ చెలకల్లో. ఆ పూజారి మా మామ భీమయ్య. ఆయన చెలక తాతలనాటి పోడు. అది అడవి భూమని ఫారెస్టోళ్ళు కందకం తవ్వబోతే, వార్డు మెంబరునని పెద్ద మొనగత్తెలాగా నేనే కోర్టులో కేసు వేయించాను.

ఆర్డరు వచ్చింది. కేసు తేలేదాకా భూమి ఉన్నదున్నట్టే ఉండాలి, ఎవరూ మార్చొద్దని. ఇక చెలక దక్కిందని సంబరపడి మామ కోడిని కోశాడు.

ఆ కూర సంబరం నాలుగు రోజులు నిలవలేదు. రేంజ్ ఆఫీసరు వెంకటరామారావు జీపు దిగాడు.

"ఆర్డరొచ్చిన నాడు చెలకల పంట ఉన్నదా?"

"లేదు సారూ. ఊళ్ళె చావైతే పండుగ వెనక్కి జరిపిన. పండుగ కాంది ఎట్ల విత్తుత?" అన్నాడు మామ. అబద్ధమాడటం ఆయనకు చేతకాదు, అదే మా ఖర్మ.

"ఐతే ఖాళీగనే ఉండాలె. అరక దింపితే జైలే."

మామను వెంటబెట్టుకుని తిరిగాను. ఎమ్మెల్యే దగ్గరికి పోతే, "చట్టం చేసేదాకనే మా పని తల్లీ, చేసినం. పట్టా ఇచ్చేది ఆఫీసర్లు" అన్నాడు. ఆఫీసరేమో కేసు నడుస్తుండగా సర్వే చేయనన్నాడు. ఖమ్మంలో వకీలు ప్రభాకర్ సారు, సర్వే రిపోర్టు లేకుండా కోర్టు ఏమీ తేల్చదన్నాడు. అధికారం ఒక్కరి చేతిలో ఉంటే ముప్పని మూడు చేతుల్లో పెట్టారని బడిలో చదువుకున్నాను. మూడూ జేబుల్లోనే ఉన్నాయి, థూ!

"దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని ఊరికే అన్నరా!" అని బస్సులో మండిపడ్డాను.

"పూజారిని నేను పక్కనే ఉన్న గదనే శ్యామలా, నన్నెందుకు తిడ్తవ్?" అని మామ నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

వాన పడింది. ఊరంతా పండుగకని విత్తనాల మూటలతో మా వాకిట్లో నిలబడ్డారు. మామ తమ్ముడి కొడుకు గోపాలు, "పెదనాయనా, పదును ఆరిపోతున్నది" అన్నాడు.

"ఒక్క గింజ వెయ్యి మామా, ఒక్క గింజకు జైల్ల పెడ్తరా?" అన్నాను.

"నన్ను పెట్టనీ. ఊరోళ్ళ పట్టా కాయితాలన్నీ గా ఆఫీసుల్నే ఉన్నయి బిడ్డా. నా మీది కోపం వాళ్ళ మీద తీస్తే?"

లోపలికి పోయి పూజ బుట్ట తెచ్చి గోపాలు చేతుల్లో పెట్టాడు. "ఇగ నువ్వే పూజారివి. తొలి విత్తు నీ చెలకల వెయ్యి."

నాకు ఒళ్ళు మండింది. "ఆ పెద్దసార్లల్ల ఒక్కడన్న కుర్చీ ఇడుస్తడా? నువ్వెందుకు ఇడుస్తవ్ మామా?"

"నా కాడనే ఆగిపోతే ఊరు పస్తులుంటది."

గోపాలు తన చెలకలో తొలి విత్తు వేశాడు. పూజారి ఇంటింటికీ దోసెడు విత్తనాలు పంచాలి. మామ కూడా అందరితో పాటు వరసలో నిలబడి దోసిలి పట్టాడు. ఇన్నేళ్ళూ పెట్టిన చెయ్యి అది. జొన్నలు తువ్వాలు కొంగులో ముడేసుకున్నాడు. అందరూ చెలకల వైపు పరుగెత్తారు. ఆయన ఒక్కడే ఇంటి దారి పట్టాడు.

ఇంటికొచ్చి ఆ ముడి నా ముందు విప్పాడు.

"వండవే."

"విత్తనాలు మామా! పండుగ విత్తనాలు ఎవరన్న వండుకుంటరా?"

"మరి యాడ వేద్దు?"

పొయ్యి అంటించాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఆ గింజలు తిన్నాం.