పేరు చెప్పని విన్నపం

ప్రిస్కిల్లా కూతురి తెల్లగౌను ఇస్త్రీ చేస్తోంది. చేసిన చోటే మళ్ళీ చేస్తోంది. రేపు ఆదివారం, చర్చిలో క్వయర్ పిల్లలంతా తెల్లగౌన్లలో పాడతారు. ఆశాజ్యోతి ఒక్కతీ పాడదని పొద్దున్నే తేలిపోయింది. తేల్చింది మొగుడు విజయ్ పాల్. "క్వయర్ మాన్పించు, ఫోన్ లాక్కో, ఎక్కడా నోరెత్తకు" అన్నాడు, స్నానానికి నీళ్ళు పెట్టమన్నంత తేలిగ్గా. పదమూడేళ్ళ పిల్ల అప్పట్నుంచీ గదిలోంచి రాలేదు.

ఆశాజ్యోతి పాడిన క్రిస్మస్ పాట యూట్యూబ్‌లో పెట్టాక మొదలైందిదంతా. "వందనాలు చెల్లెమ్మా, దేవుడు నీకు మంచి గొంతిచ్చాడు" అని బ్రదర్ షాలోం అనేవాడు మెసేజ్ పెట్టాడు. కాకినాడలో కీబోర్డ్ వాయిస్తాట్ట. పిల్ల తెచ్చి చూపిస్తే ప్రిస్కిల్లా కూర తిప్పుతూనే చదివి, "వందనాలన్నాడుగా, మనవాళ్ళే, జవాబియ్యి" అంది. చర్చిలో అందరం చెప్పుకునే మాటే, వందనాలన్నవాడు పరాయివాడెలా అవుతాడు? ముందు బైబిల్ వాక్యాలు పంపాడు. తర్వాత పాట పాడి పంపమన్నాడు. తర్వాత గౌనులో ఫోటో. ఆ తర్వాత తలుపేసుకోమన్నాడు, అమ్మకి చెప్పొద్దన్నాడు, అడక్కూడనివి అడిగాడు. పిల్ల బెదిరి ఊరుకుంటే, ఆ ఫోటోనే అసహ్యంగా మార్చి చర్చి సంఘం గ్రూపులో పెడతానన్నాడు. ఈ పొద్దున పిల్లే ఏడుస్తూ అంతా చెప్పేసింది.

"పొద్దున పోయి సాయంత్రం వచ్చే తల్లుంటే ఇంతే" అంది అత్తగారు సూరమ్మ. గోదావరి దాటి రాజమండ్రి స్కూల్లో పాఠాలు చెప్పొచ్చి, వంటా అంట్లూ కూడా చేసేది ఆ తల్లే. జీతం మాత్రం అత్తగారికి చేదు కాదు. పైగా సలహా ఒకటి. "రేపు స్త్రీల కూడికలో పేరు చెప్పకుండా ప్రార్థన విన్నపం పెట్టు. దేవుడే చూసుకుంటాడు."

ఎన్ని విన్నాం ఇలాంటివి అనుకుంది ప్రిస్కిల్లా. పేరు చెప్పని ఒక సహోదరి సమస్య నిమిత్తం ప్రార్థించుదాం. తాగొచ్చి తన్నే మొగుడూ సమస్యే, మీద చెయ్యేసిన మరిదీ సమస్యే. అందరూ ముసుగేసుకుని కళ్ళు మూసుకోవడం, ఆమెన్ అని ఇళ్ళకి పోయి అన్నం వండుకోవడం. తనూ అలాగే ఇంటికి పోయింది. ఈ ఇంట్లో పొద్దుట్నుంచి పిల్లకి పాట పోయింది, ఫోన్ పోయింది, మొహంలో రక్తం పోయింది. వాడికేం పోయింది?

హాల్లో విజయ్ పాల్ ఆ ఫోన్ పట్టుకుని ఏదో నొక్కుతున్నాడు. ప్రిస్కిల్లా చటుక్కున లాక్కుంది.

"ఆ మెసేజ్‌లు చెరిపేస్తే పీడ పోతుంది కదే."

"ఎవరికండీ? వాడికా?"

అతను నోరు తెరిచేలోగా గదిలోకి పోయింది. ఆశాజ్యోతి గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"రూబీకి కూడా మొన్న వందనాలు పెట్టాట్ట మమ్మీ. నిన్న స్కూల్లో చెప్పింది."

క్వయర్ ముందు వరసలో నిలబడే బుడ్డ పిల్ల రూబీ. ప్రిస్కిల్లా కూతురి పక్కన మంచమ్మీద కూర్చుంది.

"తప్పు నాదేనా మమ్మీ?"

"కాదు. వాడిది. రేపు పాడతావా?"

"నాన్న..."

"నిన్నడుగుతున్నాను."

పిల్ల ఇటు తిరిగి తలూపింది. ప్రిస్కిల్లా గౌను తలుపుకి తగిలించి, ఫోన్ సంచిలో వేసుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. దారిలో రూబీ వాళ్ళమ్మకి చెప్పింది. ఆవిడా ఆటో ఎక్కింది. పోలీస్ స్టేషన్లో కంప్లైంట్ ఇచ్చి వచ్చేసరికి విజయ్ పాల్ తలుపు తీసి మొహం తిప్పుకున్నాడు. సరే, తిప్పుకోనీ.

ఆదివారం ఆశాజ్యోతి పాడింది. ఆరాధన అయ్యాక స్త్రీల కూడికలో ప్రిస్కిల్లా లేచి నిలబడింది. సూరమ్మ కొంగు పట్టి లాగుతోంది.

"పేరు చెప్పని విన్నపమేనా అమ్మా?" అలవాటుగా అడిగారు పాస్టరమ్మ గారు. ఆడవాళ్ళంతా అప్పుడే ముసుగులు సర్దుకుని తలలు వంచేశారు.

"కాదండీ, పేరుంది. బ్రదర్ షాలోం. వందనాలని మొదలెట్టి మన ఆడపిల్లల్ని పట్టుకుంటున్నాడు. ఇవాళ కళ్ళు మూసుకోకండి. ముందు మీ పిల్లల ఫోన్లు తెరిచి చూడండి."