మధ్య ఫారం

కాగితాన్ని సగానికి మడిచి, వెదురు బద్దతో గట్టిగా రుద్ది, మళ్లీ మడిచి పక్కన పడేసింది అక్క. ఆ బైండింగు షాపులో ఆమె అందరికీ అక్కే, ఓనరుక్కూడా. అచ్చయిన పెద్ద కాగితానికి మూడు మడతలు పెడితే పదహారు పేజీల ఫారం అవుతుంది. బల్ల చుట్టూ కూర్చున్న ఆడవాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో ఫారం. అక్కది ఎప్పుడూ మధ్య ఫారమే. కుట్టడం వేరే గదిలో. అక్కణ్ణుంచి పుస్తకాలు నేరుగా బండెక్కిపోతాయి. గానుగెద్దులా ఇన్నేళ్లు చాకిరీ చేసినా, ఏ పుస్తకానికీ మొదలూ చివరా చూసిన పాపాన పోలేదు.

స్వామి కూడా అలా ఒక పుస్తకం మధ్యలోంచే దొరికాడు. ఎవరో ఒకావిడ "ఇంట్లో నాకు చోటు లేదు స్వామీ" అని ఏడిస్తే, ఆయన "ముందు భోంచేశావా తల్లీ?" అని అడిగాడు. అది చదివి అక్క చెయ్యి ఆగిపోయింది. అన్నయ్య ఇంట్లో వండి వార్చి, అందరికీ వడ్డించి, గిన్నెలు తోముకునే మనిషి. తనను ఆ మాట అడిగిన నాథుడేడీ? వదిన తిట్టదు, పాపం. "నువ్వు లేకపోతే ఈ ఇల్లు నడవదమ్మా" అంటుంది. ఆ ఒక్క మాటతోనే కాళ్లు కట్టేస్తుంది.

అప్పట్నుంచి మడత చెడిన కాగితాలు తెచ్చుకుని తలగడ కింద దాచుకునేది. స్వామి పుస్తకాలు వస్తూనే ఉండేవి. ఆయన జోకులేసేవాడు, కసిరేవాడు, వచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆయన్ని ఒక్కటే అడగాలి: "నేను ఆ ఇల్లు వదిలి వచ్చేయనా?" రమ్మన్నాడా, ఇక వెనక్కి తిరిగి చూడదు. పుస్తకాల్లో చదివిన ఆయన ఆశ్రమానికి ఏ బస్సెక్కాలో కూడా కనుక్కుని ఉంచుకుంది. ఇవాళ ధైర్యం చేసి సెలవడిగింది.

"నీకు చుట్టాలెవరున్నారక్కా?" ఓనరు నవ్వాడు.

"ఒక పెద్దాయనున్నాడండీ. చూసి రావాలి."

ఏ కళనున్నాడో, "సరే, రేపట్నుంచి నాలుగు రోజులు వెళ్లిరా" అన్నాడు.

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నీకు పూజారే ఇచ్చేశాడు, ఇంకేం!" అని పక్కావిడ ఆటపట్టించింది. అక్క చిన్నపిల్లలా సిగ్గుపడింది.

మధ్యాహ్నం మొదటి ఫారం మడిచే ఆవిడ జ్వరమొచ్చి ఇంటికెళ్లిపోయింది. ఆమె కట్ట తెచ్చి అక్క ముందు పడేశారు. విప్పి చూస్తే స్వామి పుస్తకమే. మొదటి పేజీలో ఆయన ఫొటో.

"ఎంత బాగున్నావయ్యా నా తండ్రీ!" అని పైకే అనేసింది.

ఫొటో కింద ఆయన పుట్టిన ఏడూ, పోయిన ఏడూ వేసి ఉన్నాయి. అచ్చు తప్పేమోనని ఇంకో కాగితం తీసింది. అందులోనూ అంతే. అక్క పుట్టకముందే పోయాడాయన.

 అక్కకు పట్టరాని కోపమొచ్చింది. పోయినవాడు పోయినట్టుండక తననెందుకు పలకరించాలి? కాగితం మీద పడ్డ కన్నీళ్లు కొంగుతో అద్దింది.

"ఏమైందక్కా?" పక్కావిడ అడిగింది.

"మా పెద్దాయన పోయాడు."

"అయ్యయ్యో! ఎప్పుడూ?"

"ఇప్పుడే తెలిసింది."

లేచి వెళ్లి, సెలవు అక్కర్లేదని ఓనరుకు చెప్పి వచ్చింది. ఆశ్రమం ఉంది, బస్సూ ఉంది, రమ్మనే మనిషి లేడు. నాలుగు రోజులూ వదిన వంటింట్లో కూర్చోవడం కంటే ఈ బల్లే నయం.

మిగిలిన కట్ట ముందుకు లాక్కుంది. ఫొటో వెనక పేజీలో స్వామి గది బొమ్మ ఉంది. ఖాళీ మంచం, దాని మీద మడతపెట్టి ఉంచిన ఆయన శాలువా. ఎవరు మడిచారో ఏమో, అంచులు కలవలేదు.